తుడిచిన తలుపు

ఆ వీధిలో ఇంట్లో ఏది ముక్కలైనా తెల్లారేసరికి దాని ముక్కొకటి వీధి తలుపు మీద మొలిచేది. పగిలిన కప్పు పెంకు, తెగిన గుండీ, చించేసిన కాగితం. కాపలా పెద్దాయన పొద్దున్నే తలుపులు చూసుకుంటూ వెళ్ళేవాడు. తేడాగా ఉంటే తట్టి అడిగేవాడు.

ల్యాబులో పనిచేసే ఆమె ఇంటి తలుపు మాత్రం ఎప్పుడూ అద్దంలా ఉండేది. ఆమె లేవకముందే భర్త తడిగుడ్డతో తుడిచేసేవాడు. "మా ఆయనకి శుభ్రం పిచ్చి" అని గొప్పగా చెప్పుకునేది. పిచ్చితల్లి, నమ్మింది.

ఆమె పనీ అలాంటిదే. ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ లోపలి ప్రోటీన్లను ముక్కలు చేసి, కొన్నిటిని పైన పెట్టి చూపిస్తుంది. రక్షక కణాలు వాటిని చూసి మంచీచెడూ తేల్చుకుంటాయి. ఆమె ల్యాబు గిన్నెలో పెంచుతున్న జబ్బు కణాల మీద మాత్రం ఏమీ లేదు.

"కణాల్ని గిన్నె నుంచి ఎంజైమ్ వేసి ఊడదీశావా? పైనున్నవన్నీ అదే కొరికేసుంటుంది" అంది పక్క బల్ల అక్క.

ఎంజైమ్ లేకుండా మెల్లగా ఊడదీసి చూసింది. అయినా బోసిగానే ఉన్నాయి.

"అయితే అది శుభ్రం కాదమ్మా, దాపరికం. లోపలేదో వాటిని వెనక్కి లాగి మింగేస్తోంది. ఆ లాగేదాన్ని ఆపి చూడు."

ఆపింది. మర్నాటికి కణాల నిండా ముక్కలే. అవి చూస్తుంటే ఆమెకు తన ఇంటి తలుపు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం తడిగుడ్డను బీరువాలో పెట్టి తాళం వేసింది.

పొద్దున్న భర్త గుడ్డ కోసం ఇల్లంతా వెతుకుతుండగానే పెద్దాయన తలుపు తట్టాడు.

"రోజూ బోసిగా ఉంటే నాకు అనుమానమేనమ్మా. ఇవాళ నువ్వే చూసుకో."

మూడేళ్ళుగా తుడిచినవన్నీ ఒక్కసారే మొలిచాయి. అన్నీ ఉత్తరాల ముక్కలు. ఆమె ఉద్యోగానికి రాసుకున్న పెద్ద పరిశోధనశాల ముద్ర, ఆమె పేరు, 'ఎంపికయ్యారు', 'మీ జవాబు అందలేదు', 'ఇదే ఆఖరి అవకాశం'. చేరాల్సిన తేదీ ఆ రోజే.

"నువ్వెళ్ళిపోతే నా గతేంటని..." అన్నాడు భర్త వెనకనుంచి.

ఉత్తరం రాలేదని ఏడ్చిన ప్రతిసారీ తల నిమిరింది ఇతనే. 'వాళ్ళకేం తెలుసు నీ విలువ' అన్నదీ ఇతనే. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

"నా కళ్ళు తుడిచిన చేత్తోనే ఇవీ తుడిచావా?"

ఆమె ముక్కల్ని ఒక్కొక్కటీ ఒలిచి సంచిలో వేసుకుని, ఉన్న బట్టలతోనే బస్సు దాకా నడిచింది. అతను వెంటబడి వచ్చాడు.

"సాయంత్రానికి వచ్చేస్తావుగా? చెప్పు, వస్తావుగా?"

జవాబు కోసం మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఏమీ చెప్పకుండా బస్సెక్కేసింది.