హేమ్లి పెంచిన ఉసిరి మొక్కలు

ఆ ఎండాకాలం తండాలో వాగుకు రోజుకు ఆరుసార్లు నడిచిన మనిషి హేమ్లి ఒక్కతే. నెత్తిన ఒక బిందె, చంకన ఇంకొకటి. వెనకాలే కూతురు బాలి ప్లాస్టిక్ క్యాను మోసుకొచ్చేది.

భర్త పోయాక హేమ్లికి మిగిలింది అడవి అంచున రెండెకరాల పోడు చెలక. ఆయన బతికున్నప్పుడే పట్టాకు దరఖాస్తు పెట్టారు. అది ఇంకా రాకముందే మొక్కల పథకం సారు వచ్చాడు. చెలక నిండా ఉసిరి పెడితే సర్కారు సాయం చేస్తుందనీ, పచ్చగా కనబడితే పట్టా కూడా జల్దీ వస్తుందనీ చెప్పాడు. హేమ్లి ఆ ఏడు జొన్న మానేసి, మోకాలి లోతు గుంతలు తీసి వంద మొక్కలు నాటింది.

పక్క చెలక మరిది దేవ్లాది. తనకిచ్చిన మొక్కలను అతను గట్టు మీదే పడేశాడు. వారానికల్లా అవి పుల్లలయ్యాయి.

"ఏంది వదినా, పిల్లకేమో తలంటనీకి నీళ్లు లెవ్వు. ఉసిరికి రోజూ తానమా?" అని నవ్వేవాడు.

"నవ్వు నవ్వు. పట్టా చేతిల పడ్డనాడు నేను నవ్వుత."

తొలకరి నాటికి తొంభై ఆరు బతికాయి. సారు హేమ్లిని మొక్క పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. తర్వాత సర్వే వాళ్లు వచ్చి చెలకలు కొలుచుకుపోయారు.

పంచాయతీ గోడకు పట్టాల జాబితా అంటించిన రోజు బాలి దాన్ని రెండుసార్లు చదివింది. దేవ్లా పేరుంది. తల్లి పేరు కింది కాగితంలో ఉంది: "తోట పెంపకం భూమి. సాగు లేదు. తిరస్కరించడమైనది."

"యాడీ, మనకు రాలే," అని అమ్మతో అంది నేల చూస్తూ.

హేమ్లి అక్కడే ఉన్న సారు దగ్గరికి పోయింది.

"సారూ, పెట్టమన్నది మీరే గదా? నీళ్లు మోసింది నేనే గదా?"

"అవ్ అమ్మా, కాదంటున్ననా? నీ లెక్క ఎవ్వరూ పెంచలే. గందుకే మ్యాపుల అడవి లెక్క పడ్డది. అడవికి పట్టా ఎట్లిస్తరు?"

"మరి దేవ్లాకిచ్చిండ్రు?"

"ఆయన చెలకల ఒక్క మొక్క లేదు, అంత పత్తే. అది సాగు." సారు గొంతు తగ్గించాడు. "రంది పడకు. ఆ మొక్కలకు నీళ్లు పోయనీకి కూలి మనిషి కావాలె. నీ పేరే రాసిన."

గోడ దగ్గరున్న దేవ్లా ఆ రోజు నవ్వలేదు. వదిన ముఖం చూడలేక పక్కకు తప్పుకున్నాడు.

హేమ్లి నేరుగా చెలకకు పోయి మొదటి మొక్కను రెండు చేతులా పట్టి గుంజింది. రాలేదు. మళ్లీ గుంజింది. మొదలు చుట్టూ మట్టి పగిలిందే తప్ప వేరు కదల్లేదు. వెనకాలే వచ్చిన బాలి తానూ పట్టబోయింది.

"వద్దు బిడ్డా. పీకితే కేసు పెడ్తరు."

"మరి నీళ్లు పొయ్యకుంటే యాడీ?"

"ఎండినా మననే అడుగుతరు."

హేమ్లి మొక్కను వదిలేసింది. తర్వాత, ఎండాకాలమంతా చేసిన అలవాటు కొద్దీ, పగిలిన మట్టిని మడమతో మెల్లగా అదిమింది.