మేము నొక్కిన అంకె

ఫిబ్రవరి నెల, మంగళవారం. మంచువాన పడుతోంది. హైవే మీద లారీ కూడా తిరగడం లేదు. మా హోటల్లో ఇరవై రెండు బల్లలుంటే ఒక్కదాని ముందూ మనిషి లేడు. ఆ రోజు నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను. అరవై ఒక్క ఏళ్ళ మిస్ ఒడెస్సా మోకాళ్ళ మీద కూచుని, నూనె పొయ్యి వెనక గోడకి పేరుకున్న జిడ్డుని గీకుతోంది. నాలుగు గంటలు గీకింది. మేనేజరు గాడిస్ కౌంటర్ దగ్గర ఫోన్ చూసుకుంటూ, మధ్యమధ్య "ఆ మూల మర్చిపోకు" అంటున్నాడు. అతని వయసు ఆమె వయసులో సగం.

ఆ పనికి ఆమెకి గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్లు. అలబామాలో మా వెయిట్రెస్‌ల జీతం అంతే. మిగతాది కస్టమర్లు టిప్పుగా ఇస్తారని చట్టం అనుకుంటుంది. జిడ్డు గోడ ఎవరికైనా టిప్పు ఇస్తుందా?

పని దిగేటప్పుడు గల్లాపెట్టె పక్కనున్న మెషీన్ అందరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది: ఇవాళ టిప్పులెంత? అంకె నొక్కితేనే ఇంటికి వదులుతుంది. వారం మొత్తం మీద టిప్పులు కలిపినా గంటకి ఏడుంపావు డాలర్లు పడకపోతే ఆ తేడా యజమాని కట్టాలి. నేను ఇక్కడ తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. ఆ తేడా ఎవరికీ ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకంటే మేమే రానివ్వలేదు. పదకొండు డాలర్లు వచ్చిన రోజున యాభై అని నొక్కేవాళ్ళం. తక్కువ నొక్కినదానికి మంచి బల్లలు ఇవ్వరు, ఆదివారం డ్యూటీ వెయ్యరు. అదొక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ చెబుతాను. టిప్పులు తక్కువొచ్చాయంటే పని చేతకానిదని మాలో మాకే చులకన. హోండూరాస్ నుంచి వచ్చిన యెసేనియా చేరిన కొత్తలో ఉన్నదున్నట్టు నొక్కితే, "ఏంటే, మొహం మాడ్చుకుని వడ్డించావా?" అని పగలబడి నవ్వింది నేనే. మర్నాటి నుంచి ఆ పిల్ల కూడా అబద్ధం నొక్కడం నేర్చుకుంది. మా ఇంటికి మా చేతనే కన్నం వేయించాడు యజమాని.

ఆ మంగళవారం మిస్ ఒడెస్సా నాలుగు అని నొక్కింది. గాడిస్ పరిగెత్తుకొచ్చాడు.

"వేలు జారినట్టుంది ఒడెస్సా. నలభై కొట్టు."

"జారలేదు సార్. నాలుగే వచ్చాయి. జిడ్డు గీకుతూ కూచున్నదానికి అదే ఎక్కువ."

"ఇన్నేళ్ళూ బుద్ధిగా కొట్టావు కదా? ఇవాళేం పూనకం?"

"పోయిన వారం గవర్నమెంటు ఫుడ్ కార్డు ఆఫీసుకి వెళ్ళాను. నా మనవరాలికి ఆ కార్డుతోనే పాలూ గుడ్లూ కొంటాను. 'మీ ఆదాయం ఎక్కువుందమ్మా' అని కార్డు ఆపేశారు. కాగితం తిప్పి చూపించారు కూడా. అందులో నేను భాగ్యవంతురాలిని సార్. ఆ భాగ్యమంతా నేను ఈ వేలితో నొక్కిందే."

"నీ ఇంటి గోల నాకెందుకు? దిద్దు."

"దిద్దను."

మర్నాడు గోడ మీది డ్యూటీ కాగితంలో ఆమె పేరు లేదు. మా దగ్గర ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసేశామని చెప్పరు. కాగితంలో పేరు మాయమవుతుంది, అంతే. నేను చూశాను, చూసి కాఫీ కూజా పట్టుకుని నా బల్లల దగ్గరికి పోయాను. నా మీద నాకే ఒళ్ళు మండిన రోజు అది.

మా ఏప్రన్లు మా డబ్బుతోనే ఉతుక్కోవాలి. గురువారం మధ్యాహ్నం రోడ్డవతల లాండ్రీలో బట్టలు తిరుగుతుంటే నలుగురం కూచున్నాం. మిస్ ఒడెస్సా, యెసేనియా, నేను, ఇంకా వైలీన్. వైలీన్‌కి మా అందరికంటే టిప్పులు ఎక్కువ.

"వంటగదిలో ఉల్లిపాయ బస్తాల వెనక ప్రభుత్వం వాళ్ళ కాగితం అంటించి ఉంది," అంది మిస్ ఒడెస్సా. "ఎన్నేళ్ళ నుంచి ఉందో! మొన్న గోడ గీకుతుంటే చదివాను. తక్కువ పడితే తేడా వాళ్ళే కట్టాలట. మనం నిజం నొక్కితే కట్టక చస్తారా?"

"కట్టరు. మనల్నే వెళ్ళగొడతారు," అంది వైలీన్. "చూడండి మిస్ ఒడెస్సా, మీకు జరిగింది అన్యాయమే. కాదనను. కానీ రేపు వీళ్ళు పూర్తి జీతం ఇస్తున్నారని తెలిస్తే టిప్పు ఎవడిస్తాడు? శనివారం నాకు ఎనభై వస్తాయి. నా కష్టంతో, నా నవ్వుతో తెచ్చుకుంటున్నా."

"నవ్వుతోనా తల్లీ?" మిస్ ఒడెస్సా గొంతు పెంచలేదు. "ఆ టైర్ల షాపువాడు నీ నడుం మీద చెయ్యేస్తే ఎందుకు నవ్వుతావు?"

వైలీన్ మొహం ఎర్రబడింది. తిరుగుతున్న బట్టలకేసి చూసింది. "పది డాలర్లకి," అంది.

మాలో అలా నవ్వనిది ఎవరు? యజమాని జీతం ఎగ్గొడితే, బల్ల ముందు కూచున్న ప్రతివాడూ మాకు యజమానే అవుతాడు. చెయ్యి వేసినా ఊరుకోవాలి, బూతు జోకేసినా ఇకిలించాలి.

అప్పుడు యెసేనియా నోరు విప్పింది. "ఈ దేశంలో ఉండటానికి నాకు కాగితాలు ఇంకా రాలేదు. మీకంటే నాకే భయం ఎక్కువ. అయినా నేను నిజమే కొట్టాను, మొదటి వారం. మీరే నవ్వారు."

ఆమె నన్నే చూస్తోంది. "తప్పు నాదే, యెసేనియా," అన్నాను. "నవ్వినదాన్ని నేనే. ఈసారి ముందు నేను కొడతాను."

వైలీన్ లేచింది. తడి ఏప్రన్ సంచీలో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ మంగళవారం వచ్చింది. మధ్యాహ్నం రెండు కావస్తుండగా మిస్ ఒడెస్సా చర్చికి వేసుకునే కోటు వేసుకుని లోపలికొచ్చింది. కౌంటర్ ముందు స్టూలు మీద కూచుని కాఫీ అడిగింది. పన్నెండేళ్ళు అక్కడ పనిచేసింది, ఆ స్టూలు మీద కూచోవడం అదే మొదటిసారి. నేను కాఫీ పోశాను.

రెండయింది. నేను వెళ్ళి తొమ్మిది అని నొక్కాను. యెసేనియా పదకొండు. వైలీన్ మెషీన్ ముందు నిలబడి ఏదో నొక్కింది, మాకు కనపడలేదు.

గాడిస్ మెషీన్ ఇచ్చిన చీటీలు చూసి పాలిపోయాడు. "ఏంటిది? తమాషాగా ఉందా? దిద్దండి! దిద్దకుండా ఒక్కరూ కదలడానికి వీల్లేదు!"

"దిద్దకండి తల్లీ," అంది మిస్ ఒడెస్సా స్టూలు మీంచి.

"ఓహో, ఇది నీ పనా?" గాడిస్ ఫోన్ తీశాడు. పది నిమిషాల్లో పోలీసు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడే.

"బయటికి రావాలమ్మా. మేనేజరు మీరు ఉండకూడదంటున్నారు. పొమ్మన్నాక కూచుంటే నేరం."

"కాఫీ ఇంకా సగముంది నాయనా."

"డబ్బులిచ్చారా?"

"ఇచ్చాను. టిప్పు కూడా పెట్టాను."

మిగిలిన కాఫీ తాగి, మూతి తుడుచుకునే దాకా కదలలేదు. చేతులు ఆమే ముందుకు చాపింది. బేడీలు వేసి తీసుకుపోతుంటే తిన్నగా మా వంకే చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది.

గాడిస్ ధైర్యం తెచ్చుకున్నాడు. "చూశారుగా? ఇప్పుడు దిద్దండి. ఇంటికి పొండి. జరిగిందంతా మర్చిపోతాను."

కస్టమర్లు ఫోర్కులు ఆపి చూస్తున్నారు. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన ముగ్గురు గొడుగులతో గుమ్మంలోనే ఆగిపోయారు. లాండ్రీలో 'ముందు నేను' అని మాటిచ్చింది నేనే, కానీ ముందు నోరు తెరిచింది యెసేనియా.

"పదకొండు!" హోటలంతా వినబడేలా అంది. "ఇవాళ నా టిప్పులు పదకొండు డాలర్లు! ఆరు గంటలు పని చేశాను!"

"నావి తొమ్మిది," అన్నాను. మాట అనగానే గుండెల మీంచి బరువు దిగింది.

వైలీన్ ఏప్రన్ విప్పి కౌంటర్ మీద పెట్టింది. "నావి ముప్పై ఒకటి. అందులో పది, ఇదిగో, ఈ టైర్ల షాపు పెద్దమనిషి నా నడుం మీద చెయ్యేసినందుకు. అదీ నొక్కాను మిస్టర్ గాడిస్. దానికి వేరే బటన్ లేదు."

టైర్ల షాపువాడు ప్లేటులో తల దూర్చాడు.

"నోర్ముయ్యండి!" గాడిస్ గుమ్మంలో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "మీరేంటి చూస్తున్నారు? వెళ్ళి బల్లలు చూసుకోండి!"

ఆ ముగ్గురిలో పెద్దది కోరా. నలుగురిలో గట్టిగా మాట్లాడి ఎరుగదు. గొడుగు ముయ్యకుండానే అంది: "నిన్న నావి ఆరు. నలభై అయిదని కొట్టాను."

"నావి ఎనిమిది," అంది పక్కనున్న ఆమె. మూడో ఆమె మెడలోంచి ఏప్రన్ తీసేసింది.

మేం గల్లాపెట్టె దాటి నడిచాం. బల్లల మీద మొక్కజొన్న గ్రిట్స్ గిన్నెలు చల్లారిపోతున్నాయి, ఎవడో కాఫీ కోసం కప్పు ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

"ఎక్కడికి?" గాడిస్ అరిచాడు. "అందరూ కలిసి ఎక్కడికి పోతున్నారు?"

"స్టేషన్‌కి," అంది యెసేనియా తలుపు తీస్తూ. "మిస్ ఒడెస్సాని తెచ్చుకోవడానికి."