ఇఫ్తార్ లోపు ప్రకటన

రాయచోటి అమీర్ జాన్ దుబాయ్‌లో, దేరా వైపున్న ఒక హోటల్లో బాంక్వెట్ కెప్టెన్. హాల్లో బల్లలు వేయించడం, కుర్చీలు సర్దించడం, ప్లేట్లు వేళకు అందేలా చూడడం ఆయన పని. వాళ్ల నాన్న పెళ్లిళ్లకు వంట ఒప్పుకునే మనిషి. బిర్యానీలో ముక్కలు తక్కువ పడ్డాయని అలిగిన మేనమామలను, ముందు వరసలో కుర్చీ దొరకలేదని చెప్పులేసుకుని బయల్దేరిన బావలను బతిమాలి వెనక్కి తేవడం చిన్నప్పటినుంచీ అమీర్ జాన్ వంతే. అందుకే 2007 రంజాన్‌లో ఆ మీటింగ్ వచ్చిపడ్డప్పుడు హోటలంతా కంగారుపడినా ఆయన పడలేదు.

అంతకు వారం ముందే బర్మాలో బౌద్ధ భిక్షువులు వేలమంది వీధుల్లోకి వచ్చారు. అక్కడి సైనిక ప్రభుత్వం కాల్పులు జరిపింది. దొరికినవాళ్లను దొరికినట్టు లారీలెక్కించింది. ప్రపంచమంతా ఛీ అంటుంటే ఇరుగుపొరుగు దేశాలకు నోరు విప్పక తప్పలేదు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశం నుంచి తిరుగు ప్రయాణంలో ఉన్న ఐదు దేశాల అధికారులు దుబాయ్‌లో ఒక పూట ఆగి, సైనిక ప్రభుత్వం మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక ప్రకటన రాసి పోదామనుకున్నారు. వాళ్లలో ఇద్దరు రోజా ఉపవాసంలో ఉన్నారు. అందుకని మాటలన్నీ పొద్దుగూకేలోపు ముగించి, ఇఫ్తార్ అందరూ కలిసి చేయాలని ఏర్పాటు.

తొలి గొడవ పేర్ల అట్టల దగ్గరే వచ్చింది. తన ముందు ‘మయన్మార్’ అని లేకపోతే కూర్చోనని సైన్యం మనిషి కబురు పంపాడు. ఆయన రిటైరైన కల్నల్. అది సైన్యం పెట్టిన పేరని, పాత ‘బర్మా’నే ఉండాల్సిందేనని ఇంకో దేశం ఆయన పట్టుబట్టాడు. మేనేజర్ తల పట్టుకుని అమీర్ జాన్‌ను పిలిచాడు.

“దేశాలెందుకు సార్? ఎవరి పేరు వాళ్లకు పెడదాం. రౌండ్ టేబుల్ వేస్తే ముందూ వెనకా కూడా ఉండదు” అన్నాడు అమీర్ జాన్.

ఆ ముక్క ఆరుగురికీ నచ్చింది. ఆ రోజు వాళ్లందరూ ఒప్పుకున్న మొదటి సంగతి అదే.

మధ్యాహ్నం స్వీట్లు చేసే గదిలో నీలార్ ఆయన్ను ఆపింది. నీలార్‌ది రంగూన్. ఆ హోటల్లో నాలుగేళ్లుగా కేకులు చేస్తోంది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల, వారంగా ముఖం వాచి ఉంది. ఆమె తమ్ముడు జో మిన్ కాలేజీలో చదువుతున్నాడు. ఊరేగింపులో నడుస్తున్న భిక్షువులకు మంచినీళ్ల సీసాలు అందించాడని లారీ ఎక్కించారు. ఆ తర్వాత కబురు లేదు. ఫోన్లు కలవవు, ఇంటర్నెట్ అంతా కట్ చేశారు.

“అమీర్ భాయ్, పైన కూర్చున్నాడే మా దేశం ఆయన, ఒక్క మాట అడగాలి” అంది.

“నీకేమన్నా పిచ్చా? అతిథులతో మనం మాట్లాడకూడదు. వీసా కేన్సిల్ చేస్తారు. ఇద్దరం ఒకే ఫ్లైట్ ఎక్కకపోయినా ఒకే రోజు ఎక్కుతాం.”

“మనం మాట్లాడకూడదు. వాళ్లు పిలిస్తే?”

అమీర్ జాన్ ఆమె ముందున్న ట్రే చూశాడు. బొంబాయి రవ్వ, కొబ్బరి పాలు, వెన్న వేసి కాల్చిన స్వీటు. పైన గసగసాలు. చూపుకు మన రవ్వకేసరి ముక్కలు కోసి పెట్టినట్టుంది.

“మా ఊళ్లో దీన్ని ష్వేజీ అంటాం. దుబాయ్‌లో ఎక్కడా దొరకదు. ఆయన నోట్లో పెట్టుకోగానే ఎవరు చేశారని అడుగుతాడు. నువ్వు పిలువు. నేను వస్తాను.”

 వద్దంటే తప్పించుకోవచ్చు. కానీ అమీర్ జాన్‌కూ రాయచోటిలో ఒక తమ్ముడున్నాడు. పనికిమాలినవాడే, అయినా తమ్ముడు.

“గసగసాలు సరిగా చల్లు” అనేసి వెళ్లిపోయాడు.

పైన మాటలు సాగుతూనే ఉన్నాయి. రోజా లేనివాళ్లకు పక్క తెర వెనక టీ అందించడం నరసాపురం ఐజక్ పని. అతనూ అమీర్ జానూ కరామాలో ఒకే గదిలో ఉంటారు. టీ ఇచ్చి వచ్చినప్పుడల్లా ఐజక్ కారిడార్లో వార్తలు చదివేవాడు.

“భాయ్, రెండింటికి ప్రకటనలో ‘గమనించాము’ అన్న మాట దగ్గర ఉన్నారండి.”

గంట తర్వాత, “‘ఆందోళన’ దాకా వచ్చారు. ‘తీవ్ర’ అన్న మాట పెట్టాలా వద్దా అని కొట్టుకుంటున్నారు.”

“ఎవరు వద్దంటాండారు?”

“ఒకాయన. వాళ్ల దేశం బర్మా దగ్గర గ్యాస్ కొంటుందంట.”

ఐదున్నరకు ఐజక్ పరుగున వచ్చాడు. “ఖలాస్ భాయ్. అధ్యక్షత వహిస్తున్న పెద్దావిడ ‘ఖండిస్తున్నాం’ అంది. మిగతావాళ్లు నోళ్లు తెరిచారు. ఆ కల్నల్ లేచి వెళ్లిపోతున్నాడు!”

నిజంగానే కల్నల్ కోటు భుజాన వేసుకుని లిఫ్ట్ వైపు నడుస్తున్నాడు. వెనకాల ఒక్కరూ రాలేదు. ఎవరైనా వచ్చి బతిమాలుతారేమోనని నెమ్మదిగా నడుస్తున్నాడని అమీర్ జాన్ ఇట్టే కనిపెట్టాడు. అలిగి వెళ్లే మనిషి నడక ఎక్కడైనా ఒకటే.

“సార్, సార్!” అని ఎదురెళ్లాడు. “మీ ప్లేట్ వేసేశాం సార్. ఇప్పుడు మీరు తినకుండా పోతే చెఫ్ నన్ను తింటాడు. నేను పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, చూడండి.”

కల్నల్ ఆగి ఆయన ఎండిన పెదాలు చూశాడు. వాళ్ల కోసం కాదు, ఈ మనిషి కోసం ఆగాననుకోవడానికి వీలుగా ఉంది. “భోజనం మాత్రమే చేస్తాను. మీటింగ్ కాదు” అన్నాడు గంభీరంగా.

“అంతే సార్, భోజనమే!”

ఆరు దాటగానే అజాన్ వినిపించింది. ఖర్జూరాలు, నీళ్లు, సూపు. అందరి ముఖాల్లో రక్తం పాకింది. ‘తీవ్ర’ వద్దన్నాయన ‘తీవ్ర’ కావాలన్నాయనకు మటన్ వడ్డించాడు. చివర్లో ష్వేజీ వచ్చింది. కల్నల్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. కళ్లజోడు తీశాడు. రెండో ముక్క తీసుకున్నాడు, మూడోది కూడా.

“ఇదెవరు చేశారు?” అన్నాడు.

అమీర్ జాన్ అప్పటికే సగం దూరం నడిచేశాడు. “పిలుస్తాను సార్!”

నీలార్ తెల్ల టోపీతో వచ్చింది. కల్నల్ ఆమెను వాళ్ల భాషలో ఏదో ఆప్యాయంగా అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. చెబుతుంటే ఆయన నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆమె మాత్రం ఆపలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“అమ్మాయి ఏమంటోంది?” అంది అధ్యక్షురాలు. “మాకూ చెప్పండి. మీరే అనువాదం చేయాలి, మాలో ఎవరికీ రాదు.”

కల్నల్ స్వీటు మింగాడు. నీళ్లు తాగాడు. ఐదుగురూ ఆయన్నే చూస్తున్నారు.

“తన తమ్ముడు... మంచినీళ్లు ఇచ్చాడట. తీసుకెళ్లారట. ఎక్కడున్నాడని అడుగుతోంది.”

“ఎక్కడున్నాడు?” అంది పెద్దావిడ, టైమెంతయింది అన్నంత మామూలుగా.

కల్నల్ జేబులోంచి పెన్ను తీసి, పేపరు నాప్కిన్ మీద జో మిన్ పేరు రాసుకున్నాడు. కనుక్కుంటానన్నాడు. అప్పుడా పెద్దావిడ తన కాగితాలు దగ్గరకు లాక్కుంది. “ప్రకటనలో ఒక వాక్యం కలుపుతున్నాను. పట్టుకున్నవాళ్ల పేర్లు వాళ్ల కుటుంబాలకు చెప్పాలి. ఎవరికైనా అభ్యంతరముందా?” ఎదురుగా నీలార్ నిలబడి ఉంది. కడుపులు నిండి ఉన్నాయి. గ్యాస్ కొనే దేశం ఆయన కూడా తల ఊపాడు. ‘ఖండిస్తున్నాం’ మాత్రం పోయింది. దాని బదులు ‘తీవ్ర ఆందోళన’ మిగిలింది. ఐజక్‌కు అది నచ్చలేదు. “ఇంతసేపు కూర్చుని ఒక్క తీవ్రనా!” అన్నాడు.

మర్నాడు మేనేజర్ పిలిచాడు. వంటమనిషిని హాల్లోకి తెచ్చిందెవరని అడిగాడు. అతిథే పిలిపించారని, కావాలంటే ఆరుగురినీ అడగమని అమీర్ జాన్ చెప్పాడు. ఆరు దేశాలకు ఫోన్ చేసే ఓపిక మేనేజర్‌కు లేదు. “ఇంకోసారి ఇట్లా జరిగితే మెమో” అని పంపేశాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున నీలార్ ఫోన్ మోగింది. అవతల జో మిన్. ముందురోజు వదిలారట. ఆ వాక్యం పని చేసిందో, నాప్కిన్ పని చేసిందో, అప్పుడు ఎట్లాగూ కొందరిని వదులుతున్నారో, ఎవరికీ తెలియదు. అమీర్ జాన్‌ను అడిగితే నాప్కిన్ అనే అంటాడు.

నీలార్ ఒక్క నిమిషం ఏడ్చింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. చేతిలో గరిటె ఊపుతూ, అటూ ఇటూ నడుస్తూ, వాళ్ల భాషలో ఇరవై నిమిషాలు ఆపకుండా తిట్టింది. అవతలివాడు మధ్యలో సన్నగా ఏదో అనబోతే మళ్లీ మొదటినుంచీ అందుకుంది. ఓవెన్లో కేకు మాడిపోతున్న వాసన వచ్చింది. ఐజక్ వెళ్లి ఓవెన్ కట్టేసి వచ్చి, మళ్లీ అమీర్ జాన్ పక్కన నిలబడ్డాడు.

“ఏమంటోంది భాయ్?”

“తెలీదప్పా. విననీ” అన్నాడు అమీర్ జాన్.