పార నిలబడిన చోటు

మట్టిపెళ్ళను మడవలో పడేసి, మడమతో నాలుగు తొక్కులు తొక్కి, పార వెనక్కి తిప్పి దాన్ని నున్నగా అద్దాడు నీళ్ళాయన. ఆ మడవ మూసుకుపోయింది. ఇంక పైనుంచి ఎంత నీరొచ్చినా ఈ చేలోకి చుక్క దిగదు. ఆయన నడుం నిలబెట్టుకుని, ఎడమ భుజం ఒకసారి రుద్దుకుని, గట్టు వెంబడి తర్వాతి మడవ దగ్గరికి వెళ్ళి మళ్ళీ వంగాడు. పొద్దు పొడిచింది కానీ ఎండకింకా పదును రాలేదు. మోకాళ్ళ దాకా అంటిన తడిమట్టి పైనుంచి తెల్లగా ఆరుతోంది.

మడవంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పిల్లకాలవ గట్టుకి కొట్టిన గండి. తీస్తే నీరు చేలోకి పోతుంది, మూస్తే ముందుకు పోతుంది. ఈ తీయడంలోనూ మూయడంలోనూ ఆయన బతుకంతా గడిచిపోయింది. మనిషి పొట్టి. పార మోసీ మోసీ ఒక భుజం కిందికి జారింది. కాలివేళ్ళు గట్టుమీద పట్టుకోసం ఒకదానికొకటి దూరం జరిగి, ఏ చెప్పులోనూ ఇమడనంటాయి. సొంతానికి అరచెయ్యంత నేల లేదు. కానీ ఈ కాలవ కింద ఏ చేను ఎప్పుడు తడవాలో ఆయన చెప్పాల్సిందే. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. ఇంటామె కూడా "మా నీళ్ళాయన" అనే అంటుంది కాబట్టి ఇంక అడిగేవాళ్ళు లేరు.

ఆయన మాటకన్నా ఆయన పారకి విలువెక్కువ. సాయంత్రం పని ముగించి ఇంటికెళ్ళేముందు, రేపటి తొలి తడి ఎవరిదో ఆ మడవ దగ్గర పార గుచ్చి వెళ్ళిపోతాడు. పొద్దున్నే రైతులు గట్టెక్కి పార ఎక్కడుందో చూసుకుంటారు. తిట్టుకున్నవాళ్ళున్నారు, గొణుక్కున్నవాళ్ళున్నారు కానీ ఆ పారని పీకి ఇంకోచోట పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. నీరు పల్లమెరుగు అంటారు. ఇక్కడ మాత్రం నీరు పారనెరుగు.

ఆ పార నీళ్ళాయన నాన్న నాటినుంచీ ఒకటే వరసలో నడుస్తోంది. మొదటి చేను ముందు, కొస చేను ఆఖరు. ఒక తడి అయ్యాక మళ్ళీ మొదటి చేనే. నిన్న సాయంత్రం ఆ పార కొస చేను మడవ దగ్గర నిలబడింది.

అందుకే ఇవాళ పైనున్న మడవలన్నీ మూసుకుంటూ వస్తున్నాడు. నీరు ఎక్కడా ఆగకుండా తిన్నగా కొసకి పోవాలి. కాలవ పొడుగునా రైతులు ముక్కున వేలేసుకున్నారు. పొద్దున్న బయల్దేరేటప్పుడు ఇంటామె కూడా ఊరుకోలేదు. ఉన్న నాలుగు రోజులూ మంచిగా ఉండక ఈ వయసులో అందరితో తగువెందుకని అడిగింది. ఆ భుజం నొప్పి సంగతి కూడా కాస్త చూపించుకోమంది. తగువు కాదే, తడి అన్నాడాయన. భుజం సంగతి రేపు చూద్దామన్నాడు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, చూడ్డానికొచ్చేవాళ్ళ వల్ల వచ్చింది.

మొదటి చేను పెద్దాయన కోడలు చురుకైన మనిషి. పండ్లతోట చూసుకుంటుంది కాబట్టి అందరూ తోటామె అంటారు. పట్నంవాళ్ళని సెలవురోజుల్లో బస్సులో రప్పించి తోటలో తిప్పి, పళ్ళు కోయించి, చెట్టుకింద భోజనం పెట్టడం మొదలెట్టింది. మట్టి తొక్కడానికి కూడా టిక్కెట్టా అని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్ళ గేట్లు మూసే ఉండేవి. కార్లు, బస్సులు వస్తే దుమ్మని ఒకరు, గోలని ఒకరు. అప్పుడు తోటామె ఒకరోజు, బాబాయ్, వీళ్ళని నీ వెంట కాలవగట్టు మీద కాస్త తిప్పవా అని నీళ్ళాయన్ని అడిగింది.

తిప్పాడు. నీళ్ళు పోయే దారిలోనే మనుషుల్నీ తీసుకెళ్ళాడు. మడవ తీసినచోట ఆగాడు, ఆ చేను రైతుని పిలిచాడు. పిలిచాక రాకపోతే బాగుండదని రైతు వచ్చాడు. వచ్చినవాడు తన మొక్కజొన్న గురించి రెండు మాటలు చెప్పాడు, విన్నవాళ్ళు ఇంకో రెండు అడిగారు. మరుసటి వారం ఆ రైతు ఉతికిన చొక్కా వేసుకుని మడవ దగ్గర ముందే నిలబడ్డాడు. అలా ఒక్కొక్క గేటూ తెరుచుకుంది. మేకలున్నవాళ్ళు మేకల్ని చూపించారు, తేనెపెట్టెలున్నవాళ్ళు తేనె అమ్మారు. నీళ్ళాయనకి కాళ్ళు నేలమీద ఆనేవి కావు. తన పని ఒకరు నిలబడి చూడటం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. పెళ్ళిరోజున కూడా నా వెనక ఇంతమంది నడవలేదని ఇంటామెతో అన్నాడు.

కొస చేను దగ్గరే చెడింది. అక్కడ ఒంటరిగా సేద్యం చేసుకునే ఆమెని అందరూ కొసామె అంటారు. మొన్నామధ్య వచ్చినవాళ్ళ పిల్లలు ఆడుకుంటూ ఆమె ఖర్బూజా మడి మడవ తీసేసి వెళ్ళిపోయారు. పండబోయే కాయకి ఒక్కసారిగా అంత నీరు తగిలితే ఇంకేముంది, తెల్లారేసరికి ముదిరిన కాయలన్నీ నిలువునా పగిలాయి. తోటామె పరుగున వచ్చి నష్టం కట్టిస్తానంది. కొసామె ముళ్ళకంప ఈడ్చుకొచ్చి గట్టుకి అడ్డంగా పడేసింది.

అప్పటినుంచీ నడక కంప ముందే ఆగిపోయేది. మిగతావాళ్ళకి అది పెద్ద విషయం కాదు. నీళ్ళాయనకి మాత్రం అన్నం సహించలేదు. కొసదాకా పోని పారకం ఒక పారకమా? మొన్న సాయంత్రం కంపకి ఇవతల నిలబడి, పిల్లల పని చెల్లెమ్మా, మనసులో పెట్టుకోకు అన్నాడు. ఆమె కలుపు తీస్తున్న చెయ్యి ఆపలేదు.

"కాయలు పోతే మళ్ళీ కాస్తాయన్నా. నా బాధ అది కాదు. అందరి చేలూ చూసీ చూసీ నా దగ్గరికొచ్చేసరికి వాళ్ళ కాళ్ళు పీకుతుంటాయి. ఇంకెంత దూరం, బస్సెప్పుడు అని అడుగుతారు. నా చేను వంక ఒక్కడైనా చూశాడా? నీళ్ళూ మిగిలినవే, మనుషులూ మిగిలినవాళ్ళే. నాకొద్దు."

ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. నీళ్ళు ఆవిడకి ఆఖరున ఇచ్చింది ఎవరు? తనే. అన్యాయం చేద్దామని కాదు, వరస అంతే కాబట్టి. వరస అంతే అనుకుంటూ జుట్టు నెరిసిపోయింది. ఆ రాత్రి ఏమాలోచించాడో గానీ, నిన్న సాయంత్రం పార తీసుకెళ్ళి ఆవిడ మడవ దగ్గర గుచ్చి, వెనక్కి తిరక్కుండా ఇంటికొచ్చాడు. ఆవిడతో చెప్పలేదు. పార చెప్పిందంటే చాలు. ముళ్ళకంప మాత్రం ఇవాళ పొద్దున పార తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా ఉన్నచోటే ఉంది. తీస్తుందా తీయదా, అదీ ఆయన్ని తొలుస్తున్న సంగతి.

మొదటి చేను మడవ దగ్గర పెద్దాయన చేతికర్ర పొడుచుకుని నిలబడి ఉన్నాడు.

"మా తాతల కాలం నుంచీ తొలి తడి మాదే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆవిడకి నువ్వెప్పుడయ్యావయ్యా మనవాడివి?"

"ఇన్నేళ్ళూ మీవాడినేగా మామా. ఒక్క తడికి ఆవిడవైపు ఉంటా" అన్నాడు నీళ్ళాయన, మడవలో మట్టి తొక్కుతూనే.

పెద్దాయన కాసేపు గుర్రుగా చూశాడు. అవతల కోడలు నవ్వు దాచుకుంటోంది. చేసేది లేక కర్ర తిప్పుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు.

ఎండ కాస్త ఎక్కేసరికి బస్సొచ్చింది. పట్నంలో లిఫ్టులు బాగుచేసే ఆయనొకడు భార్యాబిడ్డలతో వచ్చాడు, బట్టలు కుట్టే ఆమె వాళ్ళమ్మతో వచ్చింది, ఇంకా చాలామంది. నీళ్ళాయన వాళ్ళని తోటలో కూడా తిరగనివ్వలేదు. పళ్ళెక్కడికీ పోవు, వచ్చాక కోసుకోవచ్చు, ముందు నీళ్ళతో నడవండి అన్నాడు. తూము పలక పైకి లాగాడు. నీరు బుసకొట్టి ఎండిన కాలవలోకి దూకింది.

దూకిందే గానీ, దాని నడక మనిషి నడకే. నీటి మొన మట్టిరంగులో, నురగ ముందు పెట్టుకుని, ఎండుటాకుల్ని తోసుకుంటూ పోతోంది. బీటలు కనిపిస్తే ఆగి, అవి గుటకలేసి బుడగలు వదిలాక మళ్ళీ కదులుతోంది. చీమలు గట్టెక్కుతున్నాయి. జనం ముందు తొందరగా నడిచారు, తర్వాత తెలియకుండానే నీటి వేగానికి సర్దుకున్నారు. మూసిన మడవలు దాటుకుంటూ నీరు పోతుంటే రైతులు ఎవరి చేను దగ్గర వాళ్ళు నిలబడి చూస్తున్నారు. కూతురి పెళ్ళివారు పక్కింటికి పోతున్నట్టున్నాయి వాళ్ళ మొహాలు. మీ చేలు రేపు తడుస్తాయి, ఇవాళ కావాలంటే మాతో రండి అని నీళ్ళాయన ప్రతివాళ్ళనీ పిలిచాడు.

లిఫ్టులాయన పక్కకొచ్చి, నీళ్ళు ఎటూ కిందికే పోతాయి కదండీ, ఇందులో కష్టం ఎక్కడుందని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"కిందికి పోవడం నీళ్ళ పని బాబూ. అందరిదగ్గరికీ పోయేలా చూడ్డం నా పని" అన్నాడు. అనేసి, తనే ఆ మాటకి కాస్త పొంగిపోయాడు. తన పని ఏమిటో తన నోటితో చెప్పుకునే అవసరం ఇన్నాళ్ళకి వచ్చింది.

కొసకి చేరేసరికి ముళ్ళకంప అలాగే ఉంది. నీటికి కంపంటే లెక్కేమిటి, కిందనుంచి జారిపోయింది. మనుషులు ఆగిపోయారు. కంపకి అవతల కొసామె చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కాళ్ళదగ్గరికి నీరొచ్చినా చూడనట్టే ఉంది. నీళ్ళాయన పార ఒక్కసారి ఊపితే కంప పక్కకి పోతుంది. కానీ అది ఆవిడ వేసింది. ఆయన పార దించి, ఆయాసం తీర్చుకుని అన్నాడు:

"చెల్లెమ్మా, నీళ్ళొచ్చాయి. మనుషులొచ్చారు. ఎవరూ ఇంకా అలిసిపోలేదు."

బట్టలు కుట్టే ఆమె వాళ్ళమ్మ, కంప మీదనుంచి మెడ చాచి, ఆ పాదుల కింద గుండ్రంగా ఏమిటవి అని అడిగింది. కొసామె మొహం అప్పుడు కదిలింది.

"చెప్పులు విప్పి రమ్మనన్నా. గట్టు మెత్తగా ఉంది" అంది. వంగి, కంపని తనే పట్టుకుని పక్కకి ఈడ్చేసింది.

ఇక చూడాలి ఆవిడని. ఇన్నేళ్ళూ ఎవరికోసం దాచుకుందో గానీ మాటలు కట్ట తెగినట్టు వచ్చాయి. అన్నా, ఉల్లిమడికి పెట్టు, ఖర్బూజా జోలికి పోకు అని కేకేసింది. పోయినసారి ఏం జరిగిందో వచ్చినవాళ్ళకి చెప్పి తనే ముందు నవ్వింది. తొడిమ దగ్గర బొటనవేలు పెట్టి చిన్నగా నొక్కితే కాయ తనంతట తను తీగ వదలాలి, లాగితే వచ్చేది పండు కాదని చెప్పింది. లిఫ్టులాయన నొక్కిన మొదటి కాయ రాలేదు, రెండోది చేతిలోకొచ్చింది. ఆయన దాన్ని పసిపిల్లలా ఎత్తుకుని అందరికీ చూపించాడు. నవ్వులు పై చేలదాకా వినిపించాయి. ఒక్కొక్కళ్ళుగా రైతులు దిగొచ్చారు. ఆఖరికి పెద్దాయన కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఈ కొసకి ఆయన అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. కొసామె ఒక ముక్క కోసి ముందు ఆయనకే ఇచ్చింది.

తిని, మూతి తుడుచుకుని, ఇంత తీపేమిటమ్మా అన్నాడు పెద్దాయన.

"నీళ్ళు సరిగ్గా అందకేలే మామా" అంది కొసామె.

పెద్దాయన ముందు బిత్తరపోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇకనుంచీ చప్పబడతాయేమోనని తొందరగా ఇంకో ముక్క అడిగాడు.

నీళ్ళాయన ఉల్లిమడి మడవ తీసి, పక్కనే పార గుచ్చి, చెట్టునీడలో గట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. ఎవరో తెచ్చిచ్చిన ముక్క సగం తిన్నాడు. భుజంలో నొప్పి చేతిలోకి దిగింది, దాన్ని పట్టించుకోలేదు. కాలవ మొదటినుంచి కొసదాకా ఉన్న మనుషులంతా ఒకే చేలో కనిపిస్తున్నారు. మట్టికాళ్ళవాళ్ళెవరో పట్నంవాళ్ళెవరో పోల్చుకోవడం కష్టంగా ఉంది, అందరి కాళ్ళకీ ఒకే బురద. నాన్న చూస్తే వరస మార్చావేమిట్రా అని కోప్పడేవాడు. తర్వాత ఓ ముక్క తినేవాడు. నా చేతులమీదుగా జరిగింది ఇది, అనుకున్నాడు నీళ్ళాయన. కడుపు నిండినట్టుగా ఉంది.

బస్సు హారన్ మోగింది. వెళ్ళేవాళ్ళు గట్టుమీదనుంచి ఆయనకి చేతులూపారు. గడ్డం గుండెమీద పెట్టుకుని కూర్చున్నాడు కాబట్టి కునుకుతున్నాడనుకున్నారు. పాపం అలిసిపోయాడు, లేపకండి అంది బట్టలు కుట్టే ఆమె. రైతులు కూడా కబుర్లాడుకుంటూ పైకి నడిచారు.

కొసామె తొక్కలు ఏరి గంపలో వేసుకుంటుంటే కాలికి చల్లగా తగిలింది. ఉల్లిమడి నిండి, గట్టు దాటి నీరు పొర్లుతోంది. ఆవిడ నీటివంక చూసింది, చెట్టుకిందికి చూసింది. మడి నిండితే నిద్రలోనైనా లేచే మనిషి. లేవలేదు. అప్పుడు అర్థమైంది ఆవిడకి. ముందు వంగి, రెండు చేతులతో మట్టి తీసి మడవ మూసింది. పొర్లే నీళ్ళని వదిలేసి దగ్గరికెళితే ఆయన ఒప్పుకోడు. తర్వాత వెళ్ళి పక్కన కూర్చుని, ఆ బురద చేతులతోనే ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆయన్ని ఇంటికి తెచ్చినప్పుడు ఇంటామె చాప పరిచింది. తర్వాత కొసామెని ఒక్కటే అడిగింది, తడి పూర్తయిందా అని. పూర్తయింది వదినా, గట్టుదాకా నిండింది అంది కొసామె. అప్పుడేడ్చింది ఇంటామె.

కాలవ ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? రైతులంతా గట్టుమీద చేరారు. పార చూస్తే కొస చేను మడవ దగ్గరే ఉంది. ఆ లెక్కన తొలి తడి మళ్ళీ ఆవిడదే. అది అనుకోకుండా అలా ఉండిపోయింది, పీకి పై చేను దగ్గర పెడదాం అన్నాడొకడు. అడ్డుపడింది కొసామె కాదు, పెద్దాయన.

"అతను నిలబెట్టింది తీసే చెయ్యి మనలో ఎవరికుందయ్యా?"

ఎవరికీ లేదు. ఇప్పుడు నీళ్ళు కట్టే మనిషి వేరు, ఆయన చేతిలో పార వేరు. తడి మాత్రం ప్రతిసారీ కొసనుంచే మొదలై పైకి వస్తుంది. వచ్చేవాళ్ళు ఇంకా నీళ్ళతోపాటే నడుస్తారు. కొస చేను దగ్గర చెప్పులు విప్పి, ఒక నిమిషం ఆ పాత పార దగ్గర నిలబడతారు. రేకు సగం నేలలో దిగి తుప్పుపట్టింది. పిడి మాత్రం, ఆయన అరచెయ్యి పట్టుకున్నచోట, ఇప్పటికీ సన్నగా నున్నగా మెరుస్తుంది. పైనుంచి వచ్చిన నీరు దాని దగ్గర రెండుగా చీలి, మళ్ళీ ఒకటై, ఉల్లిమడిలోకి దిగుతుంది.