సద్దిదిన్నె మీద మూట

బస్సు ఆగింది సద్దిదిన్నె దగ్గరే, కాని దిన్నె మీద నేను పాఠాలు చెప్పిన కాలేజీ బల్లలు వరసగా ఉన్నాయి, వాటి మధ్య వేరుశనగ చేను పెరుగుతోంది, ఆ చేలో నా భార్య సుంకమ్మ కూర్చుని కలుపు తీస్తోంది. ఆమె పోయి రెండేళ్లయిందని నాకు తెలుసు; అయినా ఆలస్యంగా వచ్చినందుకు ఏమంటుందోనని భయపడుతున్నాను.

"వచ్చినావా సామీ. చెప్పులు ఆడే ఇడువు, మొక్కలు తొక్కేవు," అంటుంది తలెత్తకుండా.

నా చేతిలో నేను రాసిన ఆమె ఊరి చరిత్ర ఉంది. రేపు రెండో ముద్రణకు పంపాలి. పాలెగాడు తన సైన్యానికి సద్దన్నం పెట్టించిన చోటు కాబట్టి ఈ దిన్నెకు ఆ పేరు వచ్చిందని అందులో రాశాను. కలుపుకు పోయే ఆడవాళ్లు ఒక సద్దిమూట ఎక్కువ కట్టి, దారిన పోయే ఆకలిగొన్నవాళ్ల కోసం ఇక్కడి వేపకొమ్మకు తగిలించేవారని ఆమె అవ్వ చెప్పిన మాట రాయలేదు. ఆధారం లేదన్నాను. ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

"కోపమొచ్చిందా నీకు?"

"కోపం గాదు. మా యవ్వ వండిందంతా ఆ పాలెగానికి ఇచ్చేస్తివే అనిపించె. ఆయప్ప ఎప్పుడన్నా పొయ్యి ముట్టిచ్చినాడా?"

నవ్వుతుంది. బల్లలు మెల్లగా నీళ్లలో పడవల్లా కదులుతున్నాయి.

"ఈసారి రాస్తాను. మూట పెట్టిందెవరో తినేవాళ్లకు ఎట్లా తెలిసేది?"

"తెలీగూడదు. తగిలిచ్చి, ఎనక్కి తిరక్కుండా పోవాల. ఎవురూ పిలవగూడదు. తిన్నోడు గుడ్డ ఉతికి ఆ కొమ్మకే ఆరేసి పోతాడు. నీకు ఆధారం కావాలంటే ఆ తడిగుడ్డే."

ఆమె లేచి, కొంగులోంచి ఒక మూట తీసి కొమ్మకు తగిలించి నడిచిపోతోంది, చేను దాటి, నీళ్లు దాటి, నేను చూస్తుండగానే చిన్నదైపోతోంది. ఆమె పేరు నా నోటిదాకా వచ్చింది. పిలవకూడదంది కదా. పళ్లు బిగబట్టి నిలబడతాను.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. రెండు రోజులుగా జ్వరం, ఎవరికీ చెప్పలేదు. పాల కోసం బయటికొస్తే గేటు కొక్కేనికి గుడ్డమూట వేలాడుతోంది, లోపల జొన్నరొట్టెలు, ఇంకా వెచ్చగా. సందులో ఎవరూ లేరు. తిన్నాను. గుడ్డ ఉతికి ఆ గేటుకే ఆరేశాను.