వెర్నా వాటా

కోళ్ల ఫ్యాక్టరీలో రెక్కలు కోసే బెల్టు ముందే వెర్నా దవడ పట్టుకుని కూలబడింది. పంటి చిగురు చీముపట్టి, వాపుకి కన్ను మూసుకుపోతోంది. సగం రోజు జీతం కోసి ఇంటికి పొమ్మన్నారు. పాడైన దంతాలు పీకి కొత్తవి కట్టడానికి పద్నాలుగు వందల డాలర్లడిగాడు డాక్టరు. జీతంలో ఎక్కువ కోసిన టాక్సు రిఫండుగా తిరిగొస్తే తప్ప ఆమెకు వేరే దారి లేదు.

నిరుడు రిఫండు మూడు వేల పైచిలుకు. మొగుడు క్లైడ్ తన మొదటి పెళ్లాం పిల్లలకి కట్టాల్సిన భరణం బాకీ కింద ప్రభుత్వం మొత్తం పట్టుకుంది. ‘పిల్లలు తినాల్సిందేగా’ అనుకుని వెర్నా ఏడాదంతా ఒక పక్కనే నమిలింది.

అర్కాన్సాలోని ఆ ఊళ్లో టాక్సు కాగితాలతో మొగుడు లెక్కలు రాసే ఆఫీసు లోపలికి వెళ్తాడు, పెళ్లాం ట్రక్కులో కూర్చుని చూపించిన చోట సంతకం పెడుతుంది. ఆడది అంకెలడిగితే కాపురం మీద నమ్మకం లేనట్టట. ఏం నమ్మకమో! ఆ రోజు మాత్రం మాత్ర వేసుకోవడానికి నీళ్లు కావలసొచ్చి వెర్నా క్లైడ్ వెనకే లోపలికెళ్లింది.

లెక్కలు రాసే ఇమొజీన్ తలెత్తింది. “రామ్మా. ఈసారైనా నీ వాటా అడుగుతావా?”

“ఏం వాటా?”

“నీ జీతంలో కోసిన టాక్సు ఆయన బాకీకి పోకుండా ఇంకో కాగితం పెట్టొచ్చు. నిరుడే చెప్పాను. నువ్వొద్దన్నావని మీ ఆయనన్నాడు.”

వెర్నా క్లైడ్ వైపు తిరిగింది. ఒళ్లు మండిపోయింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే బాకీ తీరేదెలా? నా పిల్లలు పస్తుండాలా?”

“పిల్లల్ని అడ్డం పెట్టకు! జీతంలో భరణం కోస్తారని, ఇళ్ల కప్పులేసిన కూలంతా నోట్లుగా చేతికి తీసుకుంటున్నావే, అదంతా ఏమైంది? నీ పడవకి కొత్త మోటారొచ్చింది. నాకు నోట్లో పళ్లు రాలుతున్నాయి.”

“నలుగురిలో పరువు తీస్తావా? మొగుడి మీద కేసు పెట్టేదాన్నెక్కడా చూళ్లేదు.”

“కేసు కాదయ్యా, కాగితం,” అంది ఇమొజీన్. “నిరుటిది కూడా ఇప్పుడడగొచ్చు.”

క్లైడ్ తాను సంతకం చేసిన, ఇద్దరి పేర్లూ ఉన్న జాయింటు టాక్సు కాగితాన్ని వెర్నా ముందుకు తోశాడు. “పెట్టు. పోదాం.”

వెర్నా పెన్ను ముట్టుకోలేదు. “ఇమొజీన్ గారూ, ఆ రెండో కాగితం తీయండి. నిరుటిదీ, ఈ ఏడాదిదీ. అన్నీ విన్నాకే పెడతాను.”

క్లైడ్ తలుపు విసిరికొట్టి బయటికెళ్లాడు. హారన్ ఒకసారి మోగింది, రెండోసారి ఇంకా గట్టిగా. ఇల్లు తొమ్మిది మైళ్లు.

“వెళ్లిపోతాడేమోనమ్మా,” అంది ఇమొజీన్.

వెర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. “చదవండి.”