సర్పంచ్ బాలమ్మ సంతకం

బాలమ్మ గద్వాల జిల్లా గట్టు మండలంలో ఓ పల్లెకు సర్పంచ్. అంటే, జనం ఓటేసింది బాలమ్మకు. కుర్చీలో కూర్చునేది మొగుడు శాంతయ్య. సీటు ఆడవాళ్ళకు రిజర్వు అయితే మన ఊళ్ళలో జరిగే తంతే ఇది, కొత్తేమీ కాదు. చెక్కుల మీదా తీర్మానాల మీదా ‘బాలమ్మ’ అని తోక తిప్పి సంతకం గీకేవాడు కూడా ఆయనే. "నీకెందుకే పరేషాన్, నేనున్న గద" అనేవాడు. కార్యదర్శికి తెలుసు, ఊరికి తెలుసు, ఆఖరికి గొడ్డూగోదకూ తెలుసు. ఎవడు నోరెత్తాడు గనక!

కుర్చీ మొగుడికిచ్చినా పార మాత్రం బాలమ్మ వదల్లేదు. ఉపాధి హామీ పనిలో ఆడవాళ్ళను కూడగట్టుకుని గుట్టవాలంతా కందకాలు తవ్వించింది. వానలు పడ్డాక ఎండిన బావుల్లో నీళ్ళు కనిపించాయి. ఆ కబురు పైదాకా పోయింది. నీళ్ళు నిలబెట్టిన ఆడ సర్పంచులను సర్కారు విదేశంలో ఒక సభకు పంపుతోందనీ, అందులో బాలమ్మ పేరుందనీ తెలిసింది.

వీసా కూడా మామూలుది కాదట. సర్కారు పనిమీద పోయే అధికారులకిచ్చేదట. "ఈమె మా మనిషి" అని ఈ సర్కారు ఆ సర్కారుకు ఉత్తరం రాస్తుందట. ఆ మాట విన్నరోజు బాలమ్మకు తిండి సయించలేదు. చిన్నప్పటి నుంచీ మేస్త్రీ లారీలో బొంబాయికీ పూణేకూ వలసపోయిన మనిషి. అక్కడ ఎవరూ ఆమె పేరడగలేదు. పాలమూరు లేబర్ అనేవారు, అంతే.

"గీ ఒక్కసారి నా పేరుతోని పోత" అని మహిళా సంఘం లెక్కలు రాసే, వరసకు కోడలయ్యే స్వరూపతో చెప్పుకుని మురిసిపోయింది. స్వరూపే ఆమెకు సంతకం నేర్పింది. పాస్‌పోర్టు మీద ఆ సంతకమే పెట్టింది. అక్షరాలు వంకరటింకరే, అయినా సొంతవి.

శాంతయ్య తక్కువ తిన్నాడా? జతగా తనూ పోవచ్చనుకుని సఫారీ సూటు కుట్టించాడు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన బొమ్మ నిలువెత్తు, పెళ్ళాం బొమ్మ మూలన తపాలాబిళ్ళంత.

గద్వాలలో కలెక్టరాఫీసుకు పిలిచారు. అక్కడి అధికారిణి రేఖ, శాంతయ్య సఫారీని ఎగాదిగా చూసి, "పదవి ఎవరిదో వీసా వాళ్ళకే. భర్తలకు లేదండీ" అంది. శాంతయ్య మొహం మాడిపోయింది. నిజం చెప్పొద్దూ, బాలమ్మకు లోలోపల నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఈమే సర్పంచ్ అని ఉత్తరం ఇచ్చే ముందు రేఖ పంచాయతీ తీర్మానాలు తెప్పించి పాస్‌పోర్టు పక్కన పెట్టింది.

"సంతకాలు కలుస్తలేవు. అమ్మా, వీటిల మీదేది?"

బాలమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన సఫారీ గుండీ తిప్పుకుంటూ గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. పాస్‌పోర్టు మీదది నాదంటే ఇన్నాళ్ళ చెక్కులన్నీ దొంగవే. ఆయన జైలుకు, తన పదవి గంగలోకి, గుట్ట మీద మిగిలిన పని మట్టిలోకి. కాదంటే ఈ ప్రయాణం పోతుంది.

"జర ఆలోచించి చెప్పండి" అంది రేఖ.

"రిజిస్టర్ల ఉన్నదే నాది మేడం. పాస్‌పోర్టు మీద... ఎట్ల పెట్టిన్నో తెల్వదు."

రేఖకు అర్థం కాలేదనుకునేరు! అయింది కాబట్టే శాంతయ్య వైపు ఒక చూపు విసిరింది. తర్వాత "అట్లయితే నేను ఉత్తరం ఇయ్యలేనమ్మా" అని ఫైలు మూసింది.

తిరుగుదారిలో, బండి మీద, శాంతయ్యకు ప్రాణం లేచొచ్చింది. "మంచిగ జెప్పినవ్. మల్లెప్పుడన్న అడుగుతరు, నా లెక్క పెట్టుడు నేర్సుకో" అన్నాడు. సిగ్గులేని జన్మ! వెనక కూర్చున్న బాలమ్మ దుమ్ము లేస్తోందన్నట్టు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సంఘం మీటింగు రోజు స్వరూప ఎప్పటిలాగే పెన్ను అందించింది. బాలమ్మ తీసుకోలేదు. బొటనవేలు చాపింది.

"స్టాంపు ప్యాడు తే బిడ్డా."

"అదేందత్తా! సంతకం మంచిగ నేర్సుకున్నవ్ గద!"

"గది నాది కాదని నేనే జెప్పొచ్చిన. ఇగ వేలుముద్ర ఒక్కటే మిగిలింది. దీన్నైతే మీ మామ ఎయ్యలేడు."